తెల్ల ముసుగుకి కొత్త అట్ట

"పుస్తకాలేవి?"

అసన్‌కుల్ బూట్లు విప్పకుండానే వంటింటి దాకా వచ్చేశాడు. నడవాలో తివాచీ మీద బురద అడుగులు వరసగా పడ్డాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి బూట్లతో ఇంట్లోకి రావడం సైరాకన్ ఎన్నడూ చూడలేదు.

ఆమె పొయ్యి దగ్గర నించుని, పాలు పొంగకుండా గరిటె తిప్పుతోంది. వెనక్కి తిరగలేదు.

"నిన్నే అడిగేది. బండిలో వెనక సీటు కింద పెట్టెలు సర్ది మరీ పడుకున్నాను. ఇప్పుడెళ్ళి చూస్తే స్టెప్నీ తప్ప ఇంకేం లేదు."

"నేనే తీశాను."

"తీసి?"

"స్నానాల తొట్టిలో పెట్టాను."

అసన్‌కుల్ గిరుక్కున తిరిగి వెళ్ళి స్నానాల గది తలుపు తోశాడు. తొట్టి నిండా అట్టపెట్టెలు. మూడంతస్తుల మెట్లు ఒక్కతే ఎక్కించుకొచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చింది. పై పెట్టె మూత ఊడి, లోపల కొత్త అట్టలు మెరుస్తున్నాయి. తలవంచుకున్న పెళ్ళికూతురు, వెనక ఒక గుర్రం. 'తెల్ల ముసుగు.'

"నీళ్ళు గాని తిప్పావా?" అక్కణ్ణించే అరిచాడు.

"తిప్పుదామనే అనుకున్నాను. ధైర్యం చాల్లేదు."

బల్ల దగ్గర రొట్టెకి జామ్ రాసుకుంటున్న కూతురు అక్మరాల్ ఫక్కున నవ్వింది. ఆ నవ్వులో సరదా ఏమీ లేదు.

"ధైర్యం చాలకపోవడం నీకు కొత్తా అమ్మా?"

సైరాకన్ గరిటె తిప్పడం ఆపింది. మళ్ళీ తిప్పింది.

అసన్‌కుల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "చూడు, పదింటికి నా బండి నిండుతుంది. నర్యన్ బజారులో ఆ కొట్టావిడ వారం నుంచి ఫోన్లు చేస్తోంది. కొచ్కోర్‌లో మాంసం సంసాలు కాల్చి అమ్మే ముసలమ్మ కూడా పొయ్యి పక్కన నీ పుస్తకాలు పెట్టుకుని అమ్ముతోంది. వాళ్ళందరూ అడిగేది ఒక్కటే. 'తెల్ల ముసుగు తెచ్చావా తమ్ముడూ' అని. మిగతావి అడిగే నాథుడు లేడు. ఇప్పుడెళ్ళి ఏం చెప్పను? మా ఆవిడ పుస్తకాలకి స్నానం చేయిస్తోందని చెప్పనా?"

"మిగతావి తీసుకెళ్ళండి. బాల్కనీ నిండా ఉన్నాయి."

"మిగతావి ఎలకలక్కూడా అక్కర్లేదు!"

ఆ మాట అన్న తరవాత అతనికే తెలిసింది ఎక్కువైందని. టోపీ తీసి, జుట్టు సవరించుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

కిటికీ కింద పరుపు మీద కూచున్న అత్తగారు బురుల్చా, టీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా ఊదుకుంటూ తాగుతోంది.

ప్రచురణాలయం మూతపడి, తొమ్మిది నవలల హక్కులూ సైరాకన్ చేతికి తిరిగొచ్చి ఏడాది దాటింది. అప్పట్నించి ఆ ఇల్లు ఇల్లులా లేదు, గోడౌనులా ఉంది. పాత నవలలన్నీ ఆమె మళ్ళీ కూచుని టైపు చేసింది. అక్మరాల్ అట్టలు గీసింది. అసన్‌కుల్ తన ప్రయాణికుల వ్యానులో, రాజధాని బిష్కెక్ నుంచి కొండల్లోని నర్యన్ దాకా దారి పొడుగునా ప్రతి బజారులో, ప్రతి కొట్టులో వేశాడు. సైరాకన్ లైబ్రరీలకీ స్కూళ్ళకీ వెళ్ళి చదివి వినిపించింది. ఫోనులో తన పేజీ పెట్టి, రోజూ ఏదో ఒక నవల నుంచి ఒక ముక్క రాసింది. 'పోస్టుమాస్టరు కూతురు' నుంచి రాస్తే పది మంది చూసేవారు. 'అద్దెగది' నుంచి రాస్తే అందులో సగం మంది, వాళ్ళూ ఆమె చుట్టాలే. 'తెల్ల ముసుగు' నుంచి ఒక్క వాక్యం పెడితే చాలు, పేజీ పోటెత్తేది.

ఆ ఒక్క నవలకి మాత్రం అక్మరాల్ అట్ట గీయనంది. గీయనంటే గీయననే కూచుంది. అసన్‌కుల్ అచ్చాఫీసులోనే ఎవరిచేతో వేయించుకొచ్చాడు, ఆ గుర్రాన్నీ ఆ వంచిన తలనీ.

మొన్న కొచ్కోర్ లైబ్రరీలో జరిగింది తండ్రికీ తెలుసు, కూతురికీ తెలుసు. దాని గురించి ముగ్గురూ మూడు రకాలుగా గొంతు చించుకున్నారు.

ఆ రోజు చదవడం అయిపోయాక సంతకాల కోసం వరస కట్టారు. వరసలో ఒకావిడ, మంచి కోటు, బంగారు పన్ను, ఒక పిల్లని మోచెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చింది. పిల్ల తల మీద తెల్లగుడ్డ, కప్పుకుంటే పెళ్ళికి ఒప్పుకున్నట్టే. ఇస్త్రీ మడతలింకా పోలేదు.

"మా కొత్త కోడలక్కా. ఉమ్సునాయ్. నెలయింది మావాడు ఎత్తుకొచ్చి. ఇంకా మొహం ముడుచుకునే ఉంది. మీ పుస్తకం మా కాలంలో మాకెంత ఉపకారం చేసిందో! దీనికీ నాలుగు మంచి మాటలు రాసివ్వండి, కుదురుకుంటుంది."

సైరాకన్ కలం తెరిచింది. ఆ పిల్ల ముందుకి వంగి, అత్తకి వినపడనంత నెమ్మదిగా అడిగింది.

"అక్కా, మీ నవల్లో ఆ అమ్మాయికి మూడో రోజుకి ఏడుపు ఆగిపోతుంది. నాకాగడం లేదు. నాలోనే ఏదైనా లోపముందా?"

వెనక వరసలో జనం తోసుకుంటున్నారు. బంగారు పన్నావిడ నవ్వుతోంది. సైరాకన్ చెయ్యి దానంతటదే కదిలింది. 'ఉమ్సునాయ్‌కి, నిండు నూరేళ్ళ కాపురానికి ఆశీస్సులతో' అని రాసింది. సంతకం పెట్టింది. పిల్ల ఆ పుస్తకం తీసుకుని, చదువుకుని, మడిచి, థాంక్స్ అక్కా అంది.

ఇంటికొచ్చాక సైరాకన్, ఇక ఆ నవల అమ్మనంది.

"నువ్వు అమ్మనన్నంత మాత్రాన అయిపోతుందా?" అసన్‌కుల్ ఇప్పుడు గొంతు తగ్గించి, నచ్చజెప్పే ధోరణిలోకి దిగాడు. "ఇవాళ ఆడియో పుస్తకాల దమీరా వస్తోంది కాగితాలు తీసుకుని. నీ తొమ్మిది పుస్తకాలూ చదివించి, దేశమంతా వినిపిస్తానంటోంది. ఏళ్ళ తరబడి నువ్వు కోరుకున్నది ఇదేగా? మొదట తెల్ల ముసుగు రావాలి, మహిళా దినోత్సవం నాటికి. ఆ ఒక్క షరతే కదా పెట్టింది ఆ పిల్ల."

"మహిళా దినోత్సవం నాటికి!" అంది అక్మరాల్. "ఎత్తుకొచ్చిన పెళ్ళికూతురి కథ! ఇంతకన్నా మంచి కానుక ఉంటుందా ఆడవాళ్ళకి!"

"నోరు మూసుకుని రొట్టె తిను. ఆ కథ లేకపోతే నువ్వు లేవు."

"అదే నాన్నా నా బాధ."

అసన్‌కుల్ చెయ్యెత్తాడు. కొట్టే అలవాటు లేని చెయ్యి. గాల్లో ఏం చెయ్యాలో తెలీక, తలుపు చట్రాన్ని ఒక్క చరుపు చరిచి దిగింది. అతను ఫోను తీసి, ఇవాళ బండి ఒంటిగంటకి కదులుతుందని ఎవరికో చెప్తూ బయటికి వెళ్ళిపోయాడు.

దమీరా తేనె కేకు పెట్టెతో వచ్చింది. ముప్ఫై దాటని మనిషి, పొట్టి జుట్టు, గలగలా మాట. గుమ్మంలో బూట్లు విప్పుతూనే సైరాకన్‌ని కావిలించుకుంది.

"అక్కా, హాస్టల్లో మేం ఏడుగురు ఒకే పుస్తకాన్ని ముక్కలు చేసుకుని చదివాం, తెలుసా? నాకు చివరి ముక్క ముందొచ్చింది. ముగింపు తెలిసిపోయినా మొదట్నించీ మళ్ళీ చదివాను."

ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. అదే సైరాకన్‌కి కష్టంగా ఉంది. అబద్ధమైతే తలుపు చూపించేది.

హాల్లో బల్ల మీద టీ, నూనెలో పొంగించిన పిండి బూర్సోకులు, ఆప్రికాట్ జామ్ పెట్టింది. ఒప్పందం కాగితాలు కేకు పక్కనే పెట్టింది దమీరా.

"దమీరా, ఒక మాట అడుగుతాను," అంది సైరాకన్. "ముందు 'పోస్టుమాస్టరు కూతురు' ఇద్దాం. చదివి చూడు. అందులో ఆ అమ్మాయి వద్దంటుంది. వద్దంటే ఆ అబ్బాయి వెళ్ళిపోతాడు. మళ్ళీ వచ్చి అడుగుతాడు. నేను రాసినవాటిలో మంచిది అదే."

"చదివానక్కా. బాగుంది." దమీరా బూర్సోకు సగం తుంచి, జామ్‌లో ముంచి, తినకుండా పట్టుకుంది. "కానీ మీరెవరో తెలియని వాళ్ళు అది ఎందుకు వింటారు? మీరంటే తెల్ల ముసుగు. ఆ తలుపు తీస్తే ఇంట్లో మిగతా గదులు చూస్తారు. తలుపే మూసేస్తానంటే ఎలా?"

"అయితే ముగింపు మారుస్తాను. ఆ అమ్మాయి ముసుగు తీసేసి వెళ్ళిపోతుంది."

"అమ్మో! జనం నన్ను రాళ్ళు పెట్టి కొడతారు. మా అమ్మకి ఆ చివరి పేజీ కంఠతా వచ్చు."

"మీ అమ్మగారిని కూడా...?" సైరాకన్ మాట పూర్తి చెయ్యలేదు.

దమీరా బూర్సోకు పళ్ళెంలో పెట్టేసింది. "ఆఁ. అమ్మని కూడా. అందుకే అక్కా, ఆవిడ ఆ పేజీ కంఠతా పెట్టింది. మీరు దాన్ని మార్చేస్తే ఆవిడకి ఏం మిగులుతుంది?"

సైరాకన్ చల్లారిన టీ మార్చుకొస్తానని లేచి, వంటింట్లోకి వెళ్ళింది.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. అసన్‌కుల్ వచ్చాడు. ఈసారి బూట్లు విప్పుకుని, చేతులు కడుక్కుని, మర్యాదగా కూచున్నట్టున్నాడు. హాల్లోంచి అతని నవ్వు వినపడింది. కొత్తవాళ్ళ ముందు నవ్వే నవ్వు.

"అసలు కథ అడుగమ్మా, నన్నడుగు! పుస్తకంలో గుర్రం రాసింది. గుర్రమెక్కడిది? మా బాబాయి పాత జీపు. సైలెన్సరు ఊడిపోయి ట్రాక్టరులా మోత!"

దమీరా పకపకా నవ్వింది. "ఆగండాగండి బావగారూ. ఇది వీడియో తీసుకోనా?"

"తీసుకో. నాకేం భయం?"

సైరాకన్ కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ముగ్గురం వెళ్ళాం. రోడ్డు మలుపులో దిగింది, చేతిలో పుస్తకాల సంచీ. టీచర్ల కాలేజీలో చదివేది కదా. ఎత్తి జీపులో వేస్తే, ఏం తన్నింది! ఇదిగో, ఈ పన్ను కదిలిపోయింది. ఇప్పటికీ చల్లటివి తినలేను." మళ్ళీ నవ్వు. "ఇంటికి తీసుకొస్తే, రాత్రంతా ఏడుపు. మా అమ్మ ఆ తెల్ల ముసుగు కప్పితే తీసి పారెయ్యడం, మళ్ళీ కప్పితే మళ్ళీ పారెయ్యడం. అలాంటి మనిషి, చూడు ఇప్పుడు! తొమ్మిది నవలలు. అన్నీ ప్రేమ కథలే. ప్రేమ లేకపోతే రాయగలదా ఎవరైనా? నువ్వు చెప్పు!"

"అబ్బ, ఎంత బాగా చెప్పారు!"

వంటింట్లో పరుపు మీద బురుల్చా తల ఎత్తింది. అత్తా కోడళ్ళ చూపులు కలిశాయి. హాల్లో మాటలు ఇద్దరూ విన్నారు.

"అమ్మాయీ," అంది బురుల్చా. "ఆ కెటిల్ కింద పెట్టు. చెయ్యి కాలుతుంది."

పెట్టింది.

"ముగింపు మారుస్తానన్నావట."

"గోడలు పలచన కదా అత్తయ్యా. విన్నారన్నమాట."

"మార్చకు." ముసలావిడ గొంతులో ఆజ్ఞ లేదు. అడుక్కోవడంలా ఉంది. "నాకు చదువు రాదు. అక్మరాల్ చిన్నప్పుడు నాకు చదివి వినిపించింది ఆ పుస్తకం. అందులో అత్తగారు రాత్రి వేళ కోడలి తల నిమురుతూ, నీకిష్టం లేకపోతే తెల్లారి వెళ్ళిపో తల్లీ అంటుంది. నేనలా అన్లేదు."

"అన్లేదు."

"నేను గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. నన్ను దాటి వెళ్తే నాశనమైపోతావని శపించాను."

సైరాకన్ కిటికీ వైపు తిరిగింది. బయట బొగ్గు పొగ, తీగ మీద బిగుసుకుపోయిన దుప్పటి.

"ఊళ్ళో అందరూ నన్ను ఆ పుస్తకంలో అత్తగారనే అనుకుంటారు. బజారుకెళితే, మీరేనా అని చేతులు పట్టుకుంటారు. నేనింక ఎన్నాళ్ళుంటాను? పోయేదాకా నన్నలాగే ఉండనియ్యి."

పాతికేళ్ళలో అత్తగారు ఆ రాత్రి గురించి మాట్లాడడం అదే మొదలు. అది కూడా క్షమించమనడానికి కాదు. రాసిన అబద్ధాన్ని కొట్టెయ్యవద్దని బతిమాలడానికి. సైరాకన్‌కి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు.

"నన్ను దాటనిచ్చి ఉంటే," అంది చివరికి, "మిమ్మల్ని మంచిదానిగా రాయాల్సిన అవసరం ఉండేది కాదు అత్తయ్యా."

బురుల్చా టీ గిన్నె పరుపు పక్కన పెట్టేసింది.

దమీరా వెళ్ళిపోయింది. కాగితాలు బల్ల మీదే వదిలేసి, ఆలోచించుకోండక్కా రేపొస్తాను అని, గుమ్మంలో మళ్ళీ కావిలించుకుని మరీ వెళ్ళింది.

మధ్యాహ్నం రొట్టె, సూపు పెట్టేసరికి, ఆ వీడియో ఊరూరా తిరుగుతోంది. అక్మరాల్ ఫోను తల్లి ముందుకి తోసింది, తినే గిన్నె పక్కకి.

"చూడు. నీ పుస్తకాల మోక్షం."

వీడియో మొదట్లో, వ్యాను పక్కన అసన్‌కుల్ నించున్న పాత ఫొటో పెట్టి, పైన పెద్దక్షరాలతో 'ఆమె తన్నింది, తరవాత నవలలు రాసింది' అని వేశారు. కింద జనం. హృదయాలు, పువ్వులు, ఏడ్చే బొమ్మలు. నిజమైన ప్రేమంటే ఇదీ అని ఒకరు. మా అత్తమామలదీ ఇదే కథ అని ఒకరు. జైల్లో వెయ్యాల్సినవాణ్ణి మెచ్చుకుంటున్నారేంటని ఒకమ్మాయి రాస్తే, ఆ అమ్మాయిని పట్టుకుని నలుగురు తిడుతున్నారు.

"పేజీకి వచ్చిన అడ్రసులు చూడు," అంది అక్మరాల్. "తలాస్, జలాలాబాద్, మాస్కోలో మనవాళ్ళు. అన్ని పుస్తకాలూ కావాలట. 'అద్దెగది' కూడా అడిగారమ్మా. 'పోస్టుమాస్టరు కూతురు' కూడా. ఏడాది నుంచీ నువ్వు గొంతు పోయేలా చదివితే కొననివాళ్ళు."

సైరాకన్ ఆ పేర్లు చూసింది. ఎదురు చూసి చూసి, ఇక రారు అనుకున్న పాఠకులు. వచ్చారు. ఇలా వచ్చారు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మనసు పొంగింది. ఆ పొంగు తనకే అసహ్యమనిపించి ఫోను బోర్లించింది.

అసన్‌కుల్ సూపు జుర్రుతూ, గెలిచిన మొహంతో ఉన్నాడు. "నేను చెప్తే విన్లేదు. నీ పేజీ, నీ లైబ్రరీలు, నీ ముక్కలు! ఒక్క మాట, ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడాను. దేశం లేచి కూచుంది. బాల్కనీ ఖాళీ అవుతుంది చూడు. ఇప్పుడు ఆ తొట్టిలోవి తీసుకెళ్ళనా?"

"నన్నడిగారా?"

"ఏమని?"

"ఆ కథ చెప్పే ముందు. నన్నడిగారా?"

"నా కథ నేను చెప్పుకోవడానికి నిన్నడగాలా?"

"ఎవరి కథ?"

"నా కథే! మన కథ!"

"నీ కథ కాదది!"

అక్మరాల్ చెంచా గిన్నెలో జారవిడిచింది. తల్లి తండ్రిని నువ్వు అనడం ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ వినలేదు. తగువుల్లో కూడా 'మీరు' అనే పోట్లాడేది.

అసన్‌కుల్ కూడా విన్నాడు. మొహం ఎర్రబడింది.

"నువ్వా? నన్ను? పుస్తకాలు రాసేసరికి నోరు పెరిగిందా?"

"నువ్వు కొట్టలేదు, తాగలేదు, పుస్తకాలు మోశావు. అవన్నీ నేను మరిచిపోలేదు. మంచం పట్టినప్పుడు నాకు స్నానం చేయించావు. అదీ గుర్తే. కానీ ఆ రోజు నన్ను మూటలా జీపులో వేశావు. దాన్ని నేను గుర్రం చేశాను, వెన్నెల చేశాను, అలా రాస్తేగాని ఈ వంటింట్లో నించోలేక. నువ్వు దాన్ని తీసుకెళ్ళి నవ్వుకుంటూ చెప్పావు. పన్ను కదిలిందని చెప్పావు. నా చెయ్యి విరిగిందని చెప్పలేదేం? కట్టుతోనే పెళ్ళికొచ్చినవాళ్ళకి టీ పోశానని చెప్పలేదేం?"

"చెయ్యి విరిగిందా?" అంది అక్మరాల్. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

"అది మలుపులో, జీపు గతుకులో పడి..." అసన్‌కుల్ తడబడ్డాడు.

"ఒక్క మనిషి వచ్చాడు నా కోసం ఆ ఇంటికి. మా నాన్న. గేటు అవతల టోపీ చేతిలో పట్టుకుని నించుని ఏడ్చాడు. మీ బంధువులంతా అడ్డం నించుంటే ఒక్కడూ ఏం చేస్తాడు? ఆ పుస్తకంలో నిజం ఏదైనా ఉందంటే ఆ ఒక్క అధ్యాయమే. దాన్ని కూడా నీ ఎంగిలి నవ్వుతో..."

"మీ నాన్న!" అసన్‌కుల్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "మీ నాన్న, మీ నాన్న! ఊళ్ళో ఆడాళ్ళందరూ ఆయన అధ్యాయం చదివి ముక్కు చీదుకుంటారు. నేను దొంగని, ఆయన దేవుడు! పాతికేళ్ళు మోశానే ఆ మాట, నీ పుస్తకాల కట్టలతో పాటు!"

"ఒరేయ్," అంది బురుల్చా.

"ఉండమ్మా! అడుగుతోందిగా నిజం? నువ్వు ఎప్పుడూ శనివారం వచ్చేదానివి కాలేజీ నుంచి. ఆ వారం మధ్యలో ఎందుకొచ్చావు?"

"అమ్మకి జబ్బని కబురొస్తే వచ్చాను."

"వచ్చి చూస్తే? జబ్బుందా మీ అమ్మకి?"

"నేను ఇంటికి చేరితే కదా చూసేది!"

"తరవాత చూశావుగా. ఆవిడ ఆ నెలంతా రొట్టెలు కాలుస్తూనే ఉంది. ఆ కబురు ఎవరు పంపారనుకున్నావు?"

"అసన్‌కుల్! నోరు ముయ్యి!" బురుల్చా గోడ పట్టుకుని లేవబోయింది, లేవలేక మళ్ళీ పరుపు మీద పడింది.

ఆ కేకతో ఇంకెవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. సైరాకన్ అత్తగారి వైపు చూసింది. ముసలావిడ కళ్ళు తిప్పుకుంది.

"ఏ మలుపులో దిగుతావో కూడా మీ నాన్నే చెప్పాడు," అన్నాడు అసన్‌కుల్. గొంతులో వేడంతా ఒక్కసారిగా చల్లారిపోయింది. మాట బయటికొచ్చాక, ఆ మాట తన చేతిలోంచి జారిన గాజు గిన్నెలా, దాని వంకే చూస్తున్నట్టున్నాడు. "పెళ్ళి అడగడానికే వెళ్ళాను మొదట, మర్యాదగా, మా మావయ్యని తీసుకుని. అడిగితే నువ్వొప్పుకోవన్నాడు. తీసుకుపో అన్నాడు."

"ఎందుకు?"

అసన్‌కుల్ కుర్చీ మళ్ళీ బల్ల దగ్గరికి లాగాడు.

"ఎందుకన్నాడు?"

"అది నేను చెప్పేది కాదు సైరా. అది ఆయన్నే..."

మధ్యలో ఆగిపోయాడు. సైరాకన్ అప్పటికే ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసింది. నడవాలోకి వెళ్ళింది. కోటు తొడుక్కుంది. మేకుకి ఉన్న వ్యాను తాళాలు తీసుకుంది.

"అమ్మా, నేనూ వస్తాను," అంది అక్మరాల్.

"నువ్వు నాయనమ్మ దగ్గరుండు."

"నేనా? ఈవిడ దగ్గరా?"

"ఆవిడ సూపు తాగలేదు. తాగించు."

మెట్లు దిగేటప్పుడు వెనక అసన్‌కుల్ అడుగులు వినపడుతున్నాయి. ఒక అంతస్తు వెనకబడి, తొందరపడకుండా, దగ్గరికి రావడానికి భయపడుతున్నట్టు. ఆమె వ్యాను తలుపు తీసి ముందు సీట్లో కూచుంది. అతను డ్రైవరు సీట్లోకి ఎక్కి, చేతులు స్టీరింగు మీద వేసి, అలాగే ఉండిపోయాడు. అద్దం మీద సన్నగా మంచు పడుతోంది.

"స్టాండులో జనం ఎదురు చూస్తున్నారు," అన్నాడు.

"ఎక్కించుకో. కొచ్కోర్ దాటాక మా ఊరి దగ్గర నన్ను దింపు."

"ఏం చేద్దామని? ఎనభై దాటాయాయనకి. చెవులు కూడా సరిగా వినపడవు."

"గట్టిగా అడుగుతాను."

"నా మాట విను. ఇప్పుడు నీ పుస్తకాలు ఊరూరా అడుగుతున్నారు. రేపు ఆ పిల్ల కాగితాల కోసం వస్తుంది. ఇన్నాళ్ళకి నీకొక మంచి రోజు వచ్చింది. ముసలాయన, పోనీ..." అతను ఆమె వైపు తిరిగాడు. "ఎనభై దాటాయి సైరా."

ఆమె తల తిప్పి అతన్ని చూసింది.

"నాకప్పుడు పంతొమ్మిది," అంది.

అతను కదలలేదు. సైరాకన్ వంగి, తాళం తనే పెట్టి, తనే తిప్పింది.